పెరటి కోడి జబ్బు పడినప్పుడు: రోగ నిర్ధారణ, సంరక్షణ – నాదర్‌గుల్ పరిసరాల దృష్ట్యా

హైదరాబాదు నగరం ఆగ్నేయ దిశగా విస్తరిస్తున్న కొద్దీ రంగారెడ్డి జిల్లా గ్రామాలు ఒక్కొక్కటిగా ప్లాట్లుగా, కాలనీలుగా మారిపోతున్నాయి. నాదర్‌గుల్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇంజినీరింగు కళాశాల, వైమానిక శిక్షణకు వాడే రన్‌వే, కొత్త భవనాలు ఒకవైపు. సాయంత్రం కాగానే కోళ్లను గంప కింద కమ్మే పాత ఊరి ఇళ్లు మరొకవైపు. ఇటువంటి చోట్ల పెరటి కోళ్ల పెంపకం తగ్గిపోతుందనుకుంటాం గాని, నాటు గుడ్డుకు, నాటు కోడికి నగరంలో ధర పలుకుతున్నందున అది కొనసాగుతూనే ఉంటుంది. నాటు కోళ్లతో పాటు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, అదే రాజేంద్రనగర్‌లో రూపొందిన రాజశ్రీ రకాలు కూడా ఈ పెరళ్లకు చేరుతున్నాయి.

కోళ్ల వైద్యాన్ని మనం తరగతి గదిలో మంద వైద్యంగా నేర్చుకుంటాం. వేల కోళ్ల షెడ్డులో జబ్బు కనిపిస్తే రెండు మూడు కోళ్లను కోసి చూసి, మిగతా మందకు ఏమి చేయాలో నిర్ణయిస్తాం. పెరటి కోళ్ల యజమానురాలి దగ్గరకు వెళ్లినప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. ఆమెకు ఉన్నవి ఎనిమిదో పదో కోళ్లు. వాటిలో గుడ్లు పెట్టే పెట్టలు నాలుగు. కోసి చూద్దామంటే ఆమె ఒప్పుకోదు, ఒప్పుకోనవసరం కూడా లేదు. ఆమె అడిగేది ఈ కోడి బతుకుతుందా అని. మనం తెలుసుకోవలసినది ఈ కోడికి వచ్చినది రేపు వాడలోని మిగతా కోళ్లకు వస్తుందా అని. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే పరీక్షలో జవాబు రాబట్టడం విస్తరణ శాస్త్రవేత్త నేర్చుకోవలసిన పని.

అడగవలసినవి, దూరం నుంచి చూడవలసినవి

కోడి సహజంగా వేటాడబడే ప్రాణి. జబ్బు చేసినా బయటపడకుండా మందతో పాటు తిరుగుతుంది, గింజలు పొడుస్తున్నట్లు నటిస్తుంది. కనుక యజమాని కంటికి ‘ఈ రోజు పొద్దున డల్లుగా ఉంది’ అనిపించేసరికి జబ్బు మొదలై రెండు మూడు రోజులు దాటి ఉండవచ్చు. ఈ కారణంగానే విచారణను ఆనాటి నుంచి కాక కనీసం పదిహేను రోజుల వెనుక నుంచి మొదలుపెట్టాలి. కొత్త కోడి ఏదైనా ఇంటికి వచ్చిందా? అంగడి నుంచి తెచ్చారా? ఇరుగుపొరుగు ఇళ్లలో కోళ్లు చనిపోయాయా? టీకా ఎప్పుడు వేశారు, ఏ టీకా? గుడ్లు ఎప్పటి నుంచి ఆగిపోయాయి? ఆషాఢ బోనాలు, దసరా ముందు కోళ్లు విరివిగా చేతులు మారతాయి కాబట్టి ఆ రోజుల్లో మొదటి రెండు ప్రశ్నలకు మరింత ప్రాధాన్యం ఉంటుంది.

తరువాత కోడిని పట్టుకోకుండా, ఆరేడు అడుగుల దూరంలో నిలబడి పది నిమిషాలు చూడాలి. పట్టుకున్న వెంటనే కోడి భయంతో రొప్పుతుంది. అప్పుడు శ్వాస ఇబ్బంది జబ్బు వల్లనో భయం వల్లనో తేల్చలేము. ఈకలు ఉబ్బించి, తల భుజాల్లోకి లాగుకుని, కళ్లు సగం మూసి నిలబడిన కోడి నిజంగా జబ్బుపడినదే. అయితే పొదుగుకు వచ్చిన పెట్ట కూడా ఈకలు ఉబ్బిస్తుంది, మేత తగ్గిస్తుంది, మూల వదలదు, రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే పెద్దగా, దుర్వాసనతో రెట్ట వేస్తుంది. చెయ్యి దగ్గరకు తీసుకుపోతే గుర్రుమని పొడవడానికి వస్తే అది జబ్బు కాదు. ఇలా పొదుగు మీదున్న కోడికి యాంటీబయాటిక్ పోసిన సందర్భాలు క్షేత్రస్థాయిలో అరుదు కావు. ఈకలు రాల్చే కాలంలో గుడ్లు ఆగడం కూడా జబ్బు కిందకు రాదు.

రెట్టను గమనించడం మరొక ముఖ్య పని. ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట గట్టిగా, గోధుమ లేదా ఆకుపచ్చ ఛాయలో, పైన తెల్లటి సున్నపు టోపీ పెట్టినట్లు ఉంటుంది. ఆ తెలుపు మూత్రపిండాల నుంచి వచ్చే యూరిక్ ఆమ్ల లవణం. ప్రతి ఎనిమిది పది రెట్టలలో ఒకటి మాత్రం చాక్లెట్ రంగులో, జిగటగా, ఎక్కువ దుర్వాసనతో వస్తుంది. అది అంధాంత్రాల నుంచి వచ్చే సహజమైన రెట్ట. దానిని చూసి విరేచనాలని భయపడే యజమానులు చాలామంది. గడ్డి ఆకుపచ్చ రంగులో, తెల్లటి నీటితో కలిసి పలుచగా ఉన్న రెట్ట వేరు. మేత తినని కోడిలో పైత్యరసం మాత్రమే దిగినప్పుడు రెట్ట ఇలా ఉంటుంది. కొక్కెర తెగులులో ఇది ప్రముఖ లక్షణం. అయినా ఈ ఒక్క లక్షణంతో కొక్కెర అని తేల్చరాదు. పిల్లల్లో రక్తపు రెట్ట కనిపిస్తే మొదట కాక్సిడియోసిస్‌ను అనుమానించాలి.

చేతిలోకి తీసుకున్న తరువాత

వీలైతే ఈ పరీక్ష తెల్లవారకముందే, గంప ఎత్తకముందే చేయడం మంచిది. దీనికి కారణం మేత సంచి. సాయంత్రం నిండుగా ఉన్న సంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. పొద్దున్నే మెడ కింద తడిమితే గట్టి ఉండలా తగిలితే గడ్డి, నారు, ప్లాస్టిక్ దారం వంటివి చిక్కుకుని సంచి మూసుకుపోయిందని అర్థం. నీటి బుడగలా మెత్తగా ఉండి, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే మేత సంచి పులిసిందని భావించాలి. భవన నిర్మాణం జరిగే చోట్ల కోళ్లు తిరిగే నాదర్‌గుల్ వంటి ఊళ్లలో ఇనుప తీగ ముక్కలు, మేకులు, రంగు పెచ్చులు కూడా కందనకాయకు చేరతాయన్నది మరువరాదు.

మేత సంచి నుంచి చెయ్యి కిందకు జరిపితే రొమ్ము ఎముక తగులుతుంది. ఎముకకు రెండు పక్కలా కండ నిండుగా ఉన్నప్పటికీ కోడి నీరసంగా ఉంటే జబ్బు కొత్తది, వేగంగా వచ్చినది. ఎముక కత్తి అంచులా తగిలితే జబ్బు వారాల నాటిది: పురుగులు, బద్దెపురుగులు, దీర్ఘకాలిక అంటువ్యాధులు, కొన్నిసార్లు మేరెక్స్ వంటి కణితుల వ్యాధి. తూకపు యంత్రం లేని చోట వేళ్లే ఆ పని చేస్తాయి. ఈ ఒక్క పరీక్ష రోగ నిర్ధారణను సగానికి తగ్గిస్తుందని ఈ రచయిత అభిప్రాయం.

తురాయి, తమ్మెల రంగు చూడాలి. పాలిపోతే రక్తహీనత. నీలం, ఊదా రంగుకు తిరిగితే రక్తప్రసరణ లేదా శ్వాస దెబ్బతిన్నట్లు. పొక్కులు, గోధుమ రంగు చెక్కులు ఉంటే మశూచి. నోరు తెరిచి నాలుక మొదట్లో, అంగిలిపై పసుపు పొర ఉందేమో చూడాలి. ముక్కు రంధ్రాలను సున్నితంగా నొక్కితే జిగురు ద్రవం వచ్చి, ముఖం ఒకవైపు ఉబ్బి, దుర్వాసన వస్తుంటే కోరైజా. రెక్కల కింద, గుద ద్వారం చుట్టూ ఈకలు విడదీసి పేలు, వాటి గుడ్ల గుత్తులు వెదకాలి. పాదం అడుగున నల్లటి చెక్కుతో వాపు ఉంటే కుంటడానికి కారణం అదే. పెద్ద వ్యాధుల పేర్లు తలచుకోనవసరం లేదు.

కొక్కెర తెగులు

పెరటి కోళ్లకు ఇంతకు మించిన శత్రువు లేదు. 1926లో జావాలో, 1927లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఈ వ్యాధి గుర్తింపు పొందింది. మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్ పేరు దీనికి స్థిరపడింది. వైరస్ సోకిన తరువాత సాధారణంగా ఐదారు రోజుల్లో, అరుదుగా రెండు వారాల వరకు ఆగి లక్షణాలు బయటపడతాయి. నోరు తెరిచి ఎగశ్వాస తీయడం, ఆకుపచ్చ విరేచనాలు, తోలు గుడ్లు, రెక్కలు, కాళ్లు చచ్చుబడటం, మెడ మెలితిరిగి తల వెనక్కు పడటం ఇందులో కనిపిస్తాయి. టీకా లేని మందలో దాదాపు అన్ని కోళ్లూ చనిపోవచ్చు. బతికిన కోడి మెడ వంకర చాలాకాలం పోదు. చనిపోయిన కోడిని కోసి చూస్తే కందనకాయకు ముందుండే జఠరంలో గ్రంథుల కొనలపై రక్తపు చుక్కలు కనిపించడం దీని ఆనవాలు.

ఈ తెగులుకు మందు లేదు. ఈ మాటను స్పష్టంగా చెప్పడానికి వెనకాడకూడదు. మందుల దుకాణంలో ఏదో ఒక పొడి ఇచ్చి పంపితే రైతుకు ఖర్చు, కాలహరణం. టీకా ఒక్కటే మార్గం. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా లేదా ఎఫ్ రకపు టీకా కంటిలో ఒక చుక్క, నాలుగైదు వారాలకు మరొకసారి, ఎనిమిది నుంచి పది వారాల మధ్య ముక్తేశ్వర్‌లో రూపొందిన ఆర్2బి టీకా 0.5 మి.లీ. రెక్క చర్మం కింద. ఆర్2బి శక్తిమంతమైన రకం కాబట్టి ఆరు వారాల లోపు పిల్లలకు వేయరాదు.

శాస్త్రం ఇంత తేలికగా ఉన్నా ఊళ్లో టీకా ఎందుకు పడదంటే సీసా పరిమాణం వల్ల. ఒక్క సీసాలో వంద లేదా అంతకు మించి మోతాదులు ఉంటాయి. కలిపిన తరువాత మంచుగడ్డల మీద ఉంచి గంట రెండు గంటల లోపు వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికోసం ఎవరూ సీసా తెరవరు. వాడలోని పది పదిహేను ఇళ్లు ఒకే ఉదయం సిద్ధపడితే తప్ప ఈ లెక్క కుదరదు. కనుక విస్తరణ సిబ్బంది శ్రమ అంతా ఇళ్లను ఒక తేదీకి కూర్చడంలోనే ఉంది. సూది వేయడం అందులో చిన్న భాగం. ముందురోజు సాయంత్రం చాటింపు వేయించి, తెల్లవారుజామున గంపలు ఎత్తకముందే మొదలుపెట్టాలి. కోళ్లు ఒకసారి బయటికి వెళ్లిన తరువాత వాటిని పట్టడం ఎవరి తరమూ కాదు. చలువ గొలుసు కష్టమైన దేశాల కోసం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో వేడిని తట్టుకునే ఐ-2 టీకాను రూపొందించారు. ఆఫ్రికా, ఆసియా గ్రామాల్లో అది వాడుకలోకి వచ్చింది. మన విద్యార్థులు దాని అనుభవాన్ని అధ్యయనం చేయదగినది.

వాడలో అప్పటికే కోళ్లు చనిపోతుంటే ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా వేయవచ్చు గాని, వైరస్ అప్పటికే చేరిన కోడిని అది కాపాడలేదు. ఆ తరువాత నాలుగైదు రోజుల్లో కోళ్లు పోతే నింద టీకా మీద పడుతుంది. ఈ విషయం ముందే చెప్పి వేయాలి, ఇంటింటికీ సూది మార్చాలి.

కొక్కెర అనిపించే ఇతర జబ్బులు

దక్కన్ ప్రాంతపు పాత మట్టి గోడల్లో, చెక్క గూళ్ల పగుళ్లలో కోడి పిడుదు ఉంటుంది. పగలు పగుళ్లలో దాగి రాత్రి రక్తం పీల్చి తిరిగి వెళ్లిపోతుంది. దీని వల్ల స్పైరోకీటోసిస్ వ్యాధి వస్తుంది: జ్వరం, పాలిపోయిన తురాయి, ఆకుపచ్చ రెట్ట, కాళ్ల బలహీనత. చూడటానికి అచ్చం కొక్కెర లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే దీనికి పెన్సిలిన్ పనిచేస్తుంది. రాత్రి టార్చి వేసి గూటి పగుళ్లు చూడని శాస్త్రవేత్త బతకగలిగిన కోడిని కొక్కెర కింద రాసి వదిలేసే ప్రమాదం ఉంది. పగుళ్లను సున్నంతో, మట్టితో పూడ్చడం, గూడును బ్లోలాంపుతో కాల్చడం ఇక్కడ అసలైన చికిత్స.

మెడ వాల్చి, ఈకలు పట్టు తప్పి, కాళ్ళు, రెక్కలు మెత్తబడి పడిపోయిన కోడిలో బొట్యులిజం ఆలోచించాలి. చెత్తకుప్పల్లో కుళ్లిన కళేబరాల పురుగులు తిన్న కోళ్లకు ఇది వస్తుంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి కూర్చున్న ఎదుగుతున్న కోడిలో మేరెక్స్ గుర్తుకు రావాలి. 1907లో హంగేరీకి చెందిన పశువైద్యుడు యోజెఫ్ మారెక్ దీనిని వర్ణించాడు. పొదిగిన రోజునే హేచరీలో టీకా వేయాలి కనుక పిల్లలు కొనేటప్పుడే ఆ సంగతి అడగాలి. ఎలుకల మందు, మందు కలిపిన విత్తనాలు తిన్న కోళ్లు ఒకే పూటలో రెండు మూడు పడిపోతాయి. సంచిలోని గింజల రంగు, వాసన కారణం చెబుతాయి. రాత్రి బాగున్న కోడి తెల్లవారేసరికి చనిపోయి ఉంటే, ముఖ్యంగా పెద్ద కోళ్లలో, పాశ్చురెల్లా వల్ల వచ్చే కోళ్ల కలరాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మశూచి వానల తరువాత దోమలతో వస్తుంది. ‘అమ్మవారు’ అని వదిలేసే ఇళ్లలో చాలా కోళ్లు మూడు నాలుగు వారాల్లో వాటంతట అవే కోలుకుంటాయి. చెక్కులు పీకరాదు, రాలిన చెక్కుల్లో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. గొంతులో పొర కట్టే రకం మాత్రం ప్రమాదకరం.

కాక్సిడియోసిస్ మూడు నుంచి ఆరు వారాల పిల్లలను ఎక్కువగా పట్టుకుంటుంది. తడి నేలలో ఒకటి రెండు రోజుల్లోనే దాని కోశాలు సోకే దశకు చేరతాయి. 20 శాతం ఆంప్రోలియం పొడిని లీటరు తాగునీటికి 1.2 గ్రాముల చొప్పున మూడు నుంచి ఐదు రోజులు ఇస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఆ రోజుల్లో బి1 విటమిన్ మందులు ఇవ్వరాదు, ఆంప్రోలియం పనిచేసేదే ఆ విటమిన్‌ను పోలి ఉండటం వల్ల.

గుడ్డు అడ్డుపడిన పెట్ట

అంటువ్యాధి కాని ఒంటరి జబ్బుల్లో దీనికి సమయం చాలా తక్కువ. పెట్ట నిటారుగా నిలబడి, తోక దించి, పదే పదే ముక్కుతుంది. రెట్ట ఆగిపోతుంది. పొట్టలో గుడ్డు చేతికి తగులుతుంది. ఒక గుడ్డు పెంకుకు రమారమి రెండు గ్రాముల కాల్షియం కావాలి. అది మేతలో లేకపోతే ఎముకల నుంచి తీసుకుంటుంది, ఆ తరువాత గర్భాశయ కండరమే బలహీనపడుతుంది. తొలి గుడ్ల పెట్టల్లో, కొవ్వు పట్టిన ముసలి పెట్టల్లో ఇది ఎక్కువ. గోరువెచ్చని నీటిలో పొట్ట మునిగేలా పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, తుడిచి ఆరబెట్టి, ద్వారం అంచుకు శుభ్రమైన నూనె రాసి, చీకటిగా, వెచ్చగా ఉన్న బుట్టలో వదలాలి. నోటి ద్వారా కాల్షియం ఇవ్వవచ్చు. పొట్ట నొక్కి గుడ్డును బయటికి తోయడానికి ప్రయత్నించరాదు. లోపల పగిలితే ఉదరంలో వాపు వచ్చి కోడి చనిపోతుంది. కొద్ది గంటల్లో గుడ్డు రాకపోతే పశువైద్యుని దగ్గరకు వెళ్లవలసిందే.

శుశ్రూష

నిర్ధారణ ఏదైనా మొదటి రోజు శుశ్రూష ఒకటే. జబ్బు కోడిని వేరు చేయాలి. చివర మేత వేయాలి, తరువాత చేతులు సబ్బుతో కడగాలి. కోడి శరీర ఉష్ణోగ్రత 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. తినని కోడి దానిని నిలుపుకోలేదు. అట్టపెట్టెలో పొడి ఊక వేసి, ఒక మూలన బల్బు పెట్టి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంచితే సరిపోతుంది. వేడి ఎక్కువైతే తప్పుకోవడానికి రెండో మూల చల్లగా ఉండాలి. ఏప్రిల్, మే ఎండల్లో బల్బు అక్కరలేదు, నీడ, గాలి కావాలి. కోడికి చెమట గ్రంథులు లేవు.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు పావు లీటరు వరకు నీరు తాగుతుంది, ఎండల్లో దాదాపు రెట్టింపు. తాగలేని కోడికి ముక్కు పక్క నుంచి చుక్కలు చుక్కలుగా ఇవ్వాలి. శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. నోరు తెరిచి గ్లాసుతో పోస్తే నీరు ఊపిరితిత్తులకు పోతుంది. జబ్బుతో చనిపోయాయనుకున్న కోళ్లలో కొన్ని ఇలా మందు పోయడం వల్ల పోయినవే. పసుపు, వెల్లుల్లి కలిపిన మేత వంటి ఇంటి వైద్యాలు హాని చేయవు, ఆకలి పుట్టించవచ్చు. నీటి కన్నా వాటికి ప్రాధాన్యం ఇవ్వరాదంతే.

యాంటీబయాటిక్ విషయంలో మనం కఠినంగా ఉండాలి. వైరస్ జబ్బుకు అది పనిచేయదు. ఆహార జంతువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. వైద్యుడు రాసిన మందు వాడితే ఆ మందుకు నిర్దేశించిన గడువు దాటేవరకు గుడ్లు, మాంసం తినరాదు, అమ్మరాదు.

ఒకటి కాక నాలుగు చనిపోతే

ఒకటి రెండు రోజుల్లో పలు కోళ్లు హఠాత్తుగా చనిపోయి, తల ఉబ్బి, తురాయి నల్లబడి, కాళ్లపై ఎర్రటి మచ్చలు ఉంటే అది కొక్కెర కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు. కంటితో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. ఇది దూరపు ముప్పు కాదు. దేశంలో మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కనిపించిన హెచ్5ఎన్1 వైరస్, 2015 ఏప్రిల్‌లో ఇదే రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరులో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరులలో నిర్ధారణ అయింది. అటువంటి అనుమానంలో కోడిని అక్కడికక్కడ కోయరాదు, ఈకలు పీకరాదు. పశువైద్యాధికారికి వెంటనే తెలియజేయాలి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం యజమానిపై కూడా ఈ బాధ్యత పెట్టింది. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్తాయి. నిర్ధారణ అయితే ఒక కిలోమీటరు పరిధిలో కోళ్లను తొలగించి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు.

తెలియజేయడానికి జనం వెనకాడేది ఇక్కడే. జబ్బు కోడిని పొద్దున్నే అంగడికి తోలడం, లేదా పోకముందే కోసుకోవడం వారికి నష్టం తగ్గించే మార్గాలుగా తోస్తాయి. అంగడి నుంచి వైరస్ పది ఊళ్లకు పోతుంది. తొలగించిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందని, అప్పటికే చనిపోయినవాటికి కాదని చెప్పడం ఎంత ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది.

ఇతర అనుమానాల్లో, అప్పుడే చనిపోయిన కోడిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, మంచుగడ్డల మధ్య, గడ్డకట్టనీయకుండా అదే రోజు ప్రయోగశాలకు చేర్చాలి. నాదర్‌గుల్ నుంచి రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల అందుబాటు దూరంలోనే ఉంది. ఈ సౌలభ్యం మారుమూల మండలాలకు లేదు. మిగిలిన కళేబరాలను కుక్కలు తవ్వలేనంత లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చాలి.

కోలుకున్న కోడిని మందలో కలపడం

లక్షణాలు తగ్గిన తరువాత కనీసం రెండు వారాలు వేరుగా ఉంచడం మేలు. కోరైజా, మైకోప్లాస్మా సోకిన కోళ్లు బాగుపడినట్లు కనిపించినా వ్యాధిని మోస్తూనే ఉంటాయి. వాటిని పిల్లల దగ్గరకు పోనీయరాదు. వేరుగా ఉన్న రోజుల్లో మందలో పొడిచే క్రమం మారిపోతుంది. పాత చోటు కోల్పోయిన కోడిని మిగతావి తరిమి పొడుస్తాయి. అందుచేత పగలు వదలకుండా, రెండు మూడు రోజులు జల్లెడ గంప కింద మంద మధ్యనే ఉంచి, ఆ తరువాత చీకటి పడ్డాక మిగతా కోళ్ల పక్కన గూటిలో కూర్చోబెట్టాలి. గుడ్లు తిరిగి మొదలు కావడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. మొదటి రెండు మూడు గుడ్లు పెంకు పలుచగా వస్తే కంగారు పడనవసరం లేదు, నత్తగుల్లల పొడి లేదా సున్నపురాయి పొడి వేరే చిప్పలో పెడితే కోడే కావలసినంత తింటుంది.